డ్రమ్ము నీళ్ళు పారబోసి పోయినారక్కా!

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక చిన్న టౌను. ఊరి పేరు, నా పేరు వేయొద్దు. నాకు 34 ఏళ్ళు. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. ఇద్దరు పిల్లలు. మా అత్త మాతోనే ఉంటుంది. మాకు కొళాయి నీళ్ళు ఐదారు రోజులకోసారి వస్తాయి. రాత్రి రెండు గంటలకు వదిలినా లేచి పట్టుకోవాల్సిందే. పోయిన వారం ఆరోగ్య సిబ్బందిమని ఇద్దరు వచ్చి, నీళ్ళలో పురుగులున్నాయని రెండు డ్రమ్ములూ కాలవలో పారబోసి పోయినారక్కా. మూడు రోజులు నీళ్ళు కొనుక్కున్నాం. నిరుడు మా చిన్నోడికి డెంగ్యూ వచ్చినప్పుడు ఒక్కరూ తొంగిచూడలేదు. ప్రైవేటులో 38 వేలు ఖర్చయింది. వాడు ఇంటికొచ్చినాక వీధిలో పొగ కొట్టి పోయినారు. ఇప్పుడేమో వారం వారం వచ్చి ‘జ్వరాలున్నాయా’ అని అడుగుతున్నారు. మొన్న మా పెద్దదానికి ఒళ్ళు కాలిపోతున్నా, మళ్ళీ డ్రమ్ముల మీద పడతారని ‘ఎవరికీ లేదు’ అని పంపించేసినాను. అత్తకు బీపీ ఉందని మాత్రలు ఇచ్చినారు. ఊరికే ఇచ్చేవి పనిచేయవని ఆమె డబ్బాలో వేసి పెట్టింది. ఫోనుకు ఓటీపీ వస్తుంది చెప్పమంటారు, అదొక భయం. అసలు వీళ్ళ వల్ల మనకేం ఉపయోగం? గుమ్మంలోకి రానివ్వాలా, వద్దా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్ళు ఆగిపోయింది నీళ్ళ దగ్గర కాదు, పెద్దపాప జ్వరం దగ్గర. మీరు అడగకపోయినా ముందు అదే మాట్లాడుకుందాం.

నిరుడు చిన్నోడికి డెంగ్యూ వచ్చింది. ఇల్లు అదే, డ్రమ్ములూ అవే. ఇప్పుడు నీళ్ళలో పురుగులు కనపడ్డాయి, పాపకు ఒళ్ళు కాలింది. ఇది డెంగ్యూనే అని నేను చెప్పడం లేదు. అయ్యుండదులే అని మీరు ఊరుకోవద్దు, అంతే. డెంగ్యూలో చాలామంది మోసపోయేది ఒక్కచోటే. మూడు నాలుగు రోజులు మండిన జ్వరం దిగగానే హమ్మయ్య అనుకొని పిల్లను బడికి పంపుతారు. అసలు కాచుకోవాల్సింది అప్పుడే. జ్వరం దిగిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి బీపీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. కడుపులో నొప్పి తగ్గకపోవడం, ఆగకుండా వాంతులు, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం, నల్లటి విరేచనం, చేతులూ కాళ్ళూ చల్లబడటం, ఐదారు గంటలు మూత్రానికే పోకపోవడం, పిల్ల మత్తుగా వేలాడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

జ్వరం ఇంకా ఉంటే బరువుకు తగ్గ పారాసెటమాల్ ఒక్కటే. బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వద్దు, రక్తం కారే ప్రమాదాన్ని పెంచుతాయి. వీధి చివర డాక్టరు దగ్గర నొప్పుల సూది అసలే వద్దు. ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. జ్వరం మొదలైన ఐదు రోజుల లోపల అయితే ఎన్‌ఎస్‌1 పరీక్ష, ఆ తర్వాత అయితే ఐజీఎం పరీక్ష చేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలీసా పద్ధతిలో చేసే పరీక్షకు డబ్బులు పెట్టనక్కర్లేదు. స్ట్రిప్ మీద రెండు గీతలు చూపించి భయపెట్టే పరీక్ష కన్నా అది నమ్మదగింది.

ఇక నీళ్ళ సంగతి. అర్ధరాత్రి లేచి పట్టుకున్న నీళ్ళను ఎవరో వచ్చి కాలవలోకి ఒంపేస్తే కడుపు మండదా? మీ కోపంలో న్యాయముంది. 1985లో ఏఎన్ఎంగా చేరి, 38 ఏళ్ళు ఇదే శాఖలో తిరిగి, సూపర్‌వైజర్‌గా రిటైరైనదాన్ని. ఆ ఇద్దరు చేసింది తప్పని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. వాడుక నీళ్ళలో పురుగులుంటే ఆ పురుగులను చంపే అబేట్ మందు కొలత ప్రకారం వేయొచ్చు. లేదంటే బట్ట అడ్డం కట్టి ఆ నీళ్ళను ఇంకో పాత్రలోకి వడగట్టి, డ్రమ్మును తోమించి, మళ్ళీ నింపించి, మూత కట్టించి పోవచ్చు. పది నిమిషాల పని. ఐదారు రోజులకోసారి కొళాయి వచ్చే ఊళ్ళో నీళ్ళు పారబోసేవాళ్ళు దోమతో పాటు ఇంటావిడ నమ్మకాన్నీ పారబోస్తున్నారు. ఆ నమ్మకం పోయింది కాబట్టే మీరు పాపకు జ్వరమున్నా లేదన్నారు.

కానీ వాళ్ళు చూసిన పురుగులు మాత్రం నిజమే. ఈసారి మీరే చూడండి. పగటిపూట డ్రమ్ము మూత నెమ్మదిగా తీసి టార్చి వేయండి. నీటి పైపొరకు తోక ఆనించి, తల కిందికి పెట్టి వేలాడే సన్నటి పురుగులు కనపడతాయి. మీ నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. ఒక నిమిషం కదలకుండా ఉంటే ఊపిరి కోసం మళ్ళీ పైకొస్తాయి. వాటి మధ్యలో కామా గుర్తులాగా వంకర తిరిగిన నల్లటివి ఉంటే, అవి ఇంకో రెండు రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోయేవి. ఎగిరేవి మురుగు కాలవ దోమలు కావు. డెంగ్యూ దోమకు మంచినీళ్ళే కావాలి. అది కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం వేళల్లో. మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు మీ పిక్కల మీద కుట్టేది అదే అయ్యుంటుంది.

గుడ్డు నుంచి దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని మైకులో చెబుతారే, దానికి కారణం ఇదే. వారానికోసారి ఆ వరస తెంపేస్తే దోమ దాకా రాదు. మీ ఇంట్లో నీళ్ళు ఐదారు రోజులకోసారి మారుతున్నాయి కదా, మరి పురుగులెట్లా వచ్చాయి అని మీకు అనిపించొచ్చు. ఎన్నో ఇళ్ళలో చూసి చెబుతున్నాను, డ్రమ్ము ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. అడుగున జానెడు నీళ్ళు ఉండగానే కొళాయి వస్తుంది, పాత నీళ్ళ మీదే కొత్తవి పట్టేస్తాం. పురుగు ఆ అడుగు నీళ్ళలో హాయిగా పెరుగుతుంది. అదీకాక ఈ దోమ గుడ్లు నీళ్ళలో తేలవు. నీటి అంచుకు కాస్త పైన, డ్రమ్ము గోడకు నల్లటి ఇసుక రేణువుల్లా అతుక్కుని ఉంటాయి. నీళ్ళు లేకపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్ల అవుతాయి. అందుకే ఒంపేసినంత మాత్రాన పని కాదు. మీ రెండు డ్రమ్ములూ ఒంపేసి, తోమకుండా పోయారంటే, మీ నీళ్ళు పోయాయి గానీ వాటి గుడ్లు గోడకు అలాగే ఉన్నాయి.

కాబట్టి ఇలా చేయండి. రెండు డ్రమ్ములున్నాయి కదా, ఒకేసారి రెండింట్లోంచీ ముంచొద్దు. ఒకటి అయ్యేదాకా ఒకటే వాడండి. కొళాయి వచ్చే ముందు రోజు, ఖాళీ అయినదాన్ని పక్కకు వంచి, మిగిలిన నీళ్ళతోనే కొబ్బరి పీచు పెట్టి లోపలి గోడ గట్టిగా రుద్దండి. కొంచెం బ్లీచింగ్ పౌడర్ చల్లి రుద్దితే ఇంకా మంచిది. ఆ నీళ్ళు వాకిట్లో చల్లండి, కాలవలో పోయొద్దు, గుడ్లు అక్కడికి పోతాయి. నింపాక ప్లాస్టిక్ మూత ఒక్కటే చాలదు, అది ఎప్పుడూ ఒక పక్క తెరుచుకునే ఉంటుంది. మీరు కుట్టుపని చేసేవారు, మీకు చెప్పాలా! పాత పంచె గుండ్రంగా కత్తిరించి, అంచుకు ఎలాస్టిక్ వేసి కుట్టండి, డ్రమ్ము మూతికి టోపీలాగా తొడిగేయొచ్చు. దోమ దూరదు, చెంబుతో ముంచుకోవాలంటే తీయడం సులువు. మీ వీధిలో పది ఇళ్ళకు కుట్టిచ్చినా నాలుగు రూపాయలు వస్తాయి, పది ఇళ్ళ దోమలూ తగ్గుతాయి. ఆ దోమ ఎక్కువ దూరం ఎగరదు, మీ ఇంటి దోమ మీ వీధి దోమే. వాకిట్లో రోలు, ఫ్రిజ్ వెనక ట్రే, మిద్దె మీద పాత టైరు, పిట్టలకు పెట్టిన నీళ్ళ మూకుడు కూడా చూసుకోండి.

పొగ గురించి ఒక్క మాట. ఫాగింగ్ బండి వస్తే జనానికి పని జరిగినట్టు ఉంటుంది, చప్పుడూ వాసనా ఉంటాయి కాబట్టి. ఆ పొగ అప్పుడు ఎగురుతున్న దోమలనే చంపుతుంది. డ్రమ్ములో ఉన్నవాటికి ఏమీ కాదు, రెండు రోజుల్లో అవి పైకొస్తాయి. చప్పుడు లేకుండా వచ్చి డ్రమ్ములో టార్చి వేసి చూసే మనిషి చేసే పని దానికన్నా పెద్దది.

మీరు అడిగిన అసలు ప్రశ్న, వీళ్ళ వల్ల ఉపయోగమేంటని. దానికి మీ అత్తను అడిగితే ఒక జవాబు దొరకొచ్చు. నారికురుపు అంటే ఏంటో తెలుసా అని అడగండి. ఆమె చిన్నప్పుడు మన వైపు చూసే ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకప్పగించిన పని అదే. దిగుడు బావిలోకి దిగి నీళ్ళు ముంచుకునే ఊళ్ళలో, కాలి మీద బొబ్బ లేచి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. మూర కన్నా పొడవు ఉండేది. లాగితే తెగి లోపల చీము పట్టేది. అందుకని సన్నటి పుల్లకు రోజుకు కొంచెం చొప్పున చుట్టుకుంటూ, వారాల తరబడి మంచంలో పడి ఉండేవాళ్ళు. అదీ సరిగ్గా సేద్యం పనులప్పుడు. ఆ మంటకు ఓర్చుకోలేక కాలు బావి నీళ్ళలో పెడితే, పురుగు తన పిల్లల్ని ఆ నీళ్ళలోకి వదిలేది. కంటికి కనపడని నీటి పురుగులు వాటిని మింగేవి, ఆ నీళ్ళు తాగిన వాళ్ళకు మరుసటి ఏడు మళ్ళీ కురుపు. దానికి టీకా లేదు, మందు లేదు. ఇప్పటికీ లేదు.

మరి ఎలా పోయింది? 1983-84లో దేశమంతటా దీని మీద కార్యక్రమం పెట్టారు. మాకిచ్చిన ఆయుధం ఒక బట్ట. నీళ్ళు ఈ బట్టలో వడగట్టి తాగండని ఇంటింటికీ చెప్పడం, కురుపు ఉన్న మనిషిని బావిలోకి దిగనివ్వకపోవడం, బావిలో మందు కలపడం, మెట్లు మూయించి పైనుంచి చేదుకునేలా గిలక పెట్టించడం. మెట్లు మూయిస్తామంటే ఊరు ఊరంతా మా మీదికి వచ్చేది. ‘మా తాతలు తవ్విన బావి, మీరెవరమ్మా?’ అని ఒక పెద్దాయన కర్ర పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. మేం వెనక్కి వచ్చేశాం. ఆ ఊరికి బోరింగు వేయించి, నీళ్ళు పడ్డాక మళ్ళీ పోతే, ఆయనే ముందుండి మెట్ల మీద రాళ్ళు పేర్పించాడు. మనిషి చేతిలో ఉన్న నీళ్ళు లాక్కునే ముందు ఇంకో నీళ్ళు చూపించాలని నేను నేర్చుకుంది అక్కడే. మీ ఇంటికొచ్చిన ఆ ఇద్దరికి అది ఎవరూ నేర్పలేదేమో.

దేశంలో చివరి నారికురుపు కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లో దొరికింది. 2000లో మన దేశంలో ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ఈ రోజు మీ పిల్లలకు ఆ పేరు కూడా తెలియదు. రాని జబ్బుకు ఎవరూ దండం పెట్టరు, పెట్టాల్సిన పని కూడా లేదు. ఇంటింటికీ తిరిగి ‘ఉందా, ఉందా’ అని అడిగే ఆ విసుగు పుట్టించే పని వల్లే అది పోయిందని మాత్రం మీకు తెలియాలి.

అందుకే మీరు ‘ఎవరికీ లేదు’ అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తున్నాను. మీ ఇంటికొచ్చే ఆరోగ్య శాఖ అమ్మాయి ‘జ్వరాలున్నాయా’ అని అడిగేది కాలక్షేపానికి కాదు. ఆశా, ఏఎన్ఎం రాసుకున్న లెక్క ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లా ఆఫీసుకు పోతుంది. 2004 నుంచి దేశమంతటా జబ్బుల మీద ఇలా నిఘా పెట్టే పద్ధతి నడుస్తోంది. ఒక ఇంట్లో జ్వరం అంటే అది మామూలు జ్వరమే. ఒకే వీధిలో వారంలో నాలుగు జ్వరాలు రాసి ఉంటే, జిల్లాలో కూర్చున్న మనిషికి అక్కడ ఏదో జరుగుతోందని అర్థమవుతుంది. రక్తపూతలు తీస్తారు, చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ వెతుకుతారు, మందు చల్లుతారు. మీ వీధిలో నలుగురూ మీలాగే ‘లేదు’ అంటే, కాగితం మీద మీ వీధి ఆరోగ్యంగా ఉంటుంది. ఐదో ఇంటి పిల్లాడు ఐసీయూకి పోయాక గానీ ఎవరూ కదలరు.

నిరుడు మీ చిన్నోడికి జ్వరం వచ్చినప్పుడు ఎవరూ రాలేదన్నారు. వాణ్ణి నేరుగా ప్రైవేటుకు తీసుకుపోయారు కాబట్టి బహుశా మీ ఆశాకు వాడి సంగతి తెలిసేసరికే ఆలస్యమై ఉంటుంది. ఆ ప్రైవేటు వాళ్ళు వెంటనే చెప్పి ఉండాల్సింది. చెప్పారో లేదో ఇప్పుడు మనం తేల్చలేం. వాడు ఇంటికొచ్చాక వేసిన పొగ వాడి కోసం కాదమ్మా, మీ పక్కింటి పిల్లల కోసం. నిరుడు ఇంకెవరింట్లోనో వచ్చినప్పుడు ఇదే పని ముందే జరిగి ఉంటే మీ 38 వేలు మిగిలేవేమో.

ఇలాంటి చిన్న చిన్న పనుల్లో ఏముందని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేసినప్పుడు ఆ మాట మానేశాను. నీళ్ళు తీసిన తర్వాత మమ్మల్ని డ్యూటీకి పంపారు. మోకాలి లోతు ఒండ్రు. సంపుల్లో బురద, మంచాలు మిద్దెల మీద, వీధంతా కుళ్ళిన ధాన్యం వాసన. మేం మోసుకుపోయింది మందుల పెట్టె కాదు, బ్లీచింగ్ బస్తాలు, క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. ఒక చిన్న బిళ్ళ 20 లీటర్ల బిందెలో వేసి అరగంట ఆగి తాగండని చెప్పుకుంటూ పోయాం. అన్నీ పోగొట్టుకున్న ఒకావిడ ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, ‘ఇదా తల్లీ మీరు తెచ్చింది’ అని నా మొహంలోకి చూసింది. ఏం చెప్పాలో తోచలేదు. ఆమె బిందె నేనే కడిగి, బిళ్ళ వేసి, గడియారం చూసుకుంటూ పక్కన కూర్చున్నాను. అరగంటయ్యాక మొదటి గ్లాసు ఆమె మనవడికి పట్టించింది. వరద తర్వాత జనాన్ని తీసుకుపోయేది వాంతులూ విరేచనాలే. ఆ రోజు ఆ పిల్లాడికి మేం చేయగలిగింది ఆ బిళ్ళే, దానికన్నా పెద్ద వైద్యం అక్కడ లేదు.

మీ ఊరి తాగునీళ్ళ విషయంలో కూడా ఇది పనికొస్తుంది. కొళాయి నీళ్ళలో రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తిరిగే పరీక్ష ఒకటుంది. రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. ట్యాంకు దగ్గర ఉండి, వీధి చివరి కొళాయికి వచ్చేసరికి లేకపోవడం తరచూ జరుగుతుంది, మధ్యలో పైపు పగిలి కాలవ నీళ్ళు కలిస్తే. చివరి కొళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మా వీధి చివర పరీక్ష చేసి చూపించండని అడిగే హక్కు మీకుంది.

అత్త మాత్రల సంగతి. బీపీ 140/90 దాటితే ఎక్కువ ఉన్నట్టు. నొప్పి ఉండదు, మనిషి తిరుగుతూనే ఉంటుంది, అందుకే మాత్ర అనవసరం అనిపిస్తుంది. ఒక రోజు చెయ్యి లేవదు, మూతి వంకర పోతుంది. పక్షవాతం వచ్చిన ఇల్లు మీరు చూసే ఉంటారు. ఆ మనిషికి సేవ చేయాల్సింది మీరే, మిషన్ మూల పడుతుంది. ఊరికే ఇచ్చే మాత్రలో ఉండే మందూ, షాపులో పదింతలు పెట్టి కొనే మాత్రలో ఉండే మందూ ఒకటే. పైన రేకు మీద మందు పేరు చదివి మెడికల్ షాపులో అడిగి చూడండి, మీకే తెలుస్తుంది. ఊరికే ఏమీ రాలేదు, మనం అగ్గిపెట్టె కొన్నా కట్టే పన్నులోంచే వచ్చింది. డబ్బాలో ఉన్నవి మాత్రం తేదీ చూసి, ఏఎన్ఎంకు చూపించి, మళ్ళీ ఒకసారి బీపీ కొలిపించాకే మొదలుపెట్టించండి. మొదలుపెట్టాక తగ్గిందని మానేయకూడదు, మాత్ర వల్లే తగ్గింది. సంగటిలోకి ఊరగాయ మానమంటే ఆమె వినదు, నాకు తెలుసు. రోజుకు మనిషికి ఒక చెంచా ఉప్పు, ఐదు గ్రాముల లోపు, అదీ అన్నిట్లో కలిపి. ఊరగాయ రోజూ కాకుండా వారానికి రెండు సార్లన్నా చేయించండి.

ఉత్తరమంతా పిల్లల గురించీ అత్త గురించీ రాశారు, మీ గురించి ఒక్క ముక్క లేదు. 30 ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సర్ పరీక్షలు, ఆడవాళ్ళకు వాటితో పాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ప్రభుత్వం చేయిస్తోంది. మీకు 34. మీరు చేయించుకున్నారా? సిగ్గుపడి, పని ఉందని, ‘నాకేం బాగానే ఉన్నాను’ అని తప్పించుకున్న ఆడవాళ్ళను ఆలస్యంగా చూసి ఏడ్చినదాన్ని నేను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఏళ్ళ తరబడి మెల్లగా ముదిరే జబ్బు. మొదట్లో పట్టుకుంటే చిన్న వైద్యంతో పోతుంది. మీ ఆయనకు గుట్కా అలవాటుంటే, హమాలీల్లో చాలామందికి ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను, అద్దం ముందు నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పడుతున్నాయేమో చూసుకోమనండి. పట్టకపోయినా, లోపల తెల్లమచ్చ ఉన్నా, కారం తగిలితే మండుతున్నా వెంటనే చూపించాలి.

ఓటీపీ భయం తప్పు కాదు. ఆరోగ్య సిబ్బంది అడిగేది సాధారణంగా ఆభా నంబర్ కోసం, మీ పరీక్షలూ మందులూ ఒకచోట నమోదయ్యేందుకు. అది మీ ఇష్టం. వద్దంటే వైద్యం ఆపకూడదు, టీకా ఆపకూడదు. మీకు మొహం తెలిసిన ఆశా, ఏఎన్ఎం ఎదురుగా కూర్చుని చేస్తుంటే చెప్పొచ్చు, ముందు మెసేజ్ చదివి అది దేనికో చూసుకుని. ఫోన్ చేసి అడిగేవాళ్ళకు, కొత్త మొహాలకు చెప్పొద్దు. ఇంటికొచ్చిన వాళ్ళను గుర్తింపు కార్డు అడగడం మర్యాద తక్కువ పనేం కాదు.

కాబట్టి రానివ్వండి. రానిచ్చి అడగండి కూడా. మీ వార్డు సచివాలయంలో ఆరోగ్యం చూసే ఏఎన్ఎం ఉంటుంది. నలుగురు ఆడవాళ్ళు కలిసి పోయి, నీళ్ళు పారబోయకుండా అబేట్ వేయమనండి. కొళాయి ఏ రోజు, ఏ వేళకు వదులుతారో ముందే చెప్పించమనండి, వేళ తెలిస్తే ఇన్ని డ్రమ్ములు నిలవ పెట్టుకోవాల్సిన అవసరమే తగ్గుతుంది. ఆ ఇద్దరి సంగతీ చెప్పండి, పేర్లతో గొడవ కోసం కాదు, ఇంకో ఇంట్లో అలా చేయకుండా. వినకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. మీ వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల కూలికి, గుంటూరు పోయే కుటుంబాలు తెలిసుంటే, పిల్లల టీకాల కార్డు మూటలో పెట్టుకుని పొమ్మని చెప్పండి. ఏ ఊళ్ళో ఉంటే అక్కడే వేస్తారు. మిరప కోతలకు పోయి తట్టు టీకా తప్పిపోయిన పిల్లలను వెతుక్కుంటూ నేను ఎన్ని వీధులు తిరిగానో.

పెద్దపాప ఎలా ఉందో రెండు ముక్కలు రాయండి. ఆ జ్వరాలడిగే అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు, ‘పోయినసారి పాపకు జ్వరముండింది, నీకు చెప్పలేదు’ అని చెప్పేయండి. ఆమె ఏమీ అనదు. పుస్తకం తీసి, తేదీ అడిగి, రాసుకుంటుంది.